చూశాకే పలకాలి

ఆంధ్రాకు దూరంగా, హిందీ మాట్లాడే లాల్‌ఖదాన్‌లో రైలు పట్టాల పక్కన మా తెలుగు సంఘానికి ఒక రేకుల మందిరం ఉంది. ఆదివారం అందరి చేతుల్లోనూ తెలుగు బైబిలు గ్రంథాలుంటాయి. చదవగలిగేవాళ్ళు మాత్రం నలుగురో అయిదుగురో. నేనూ హిందీ బడిలో చదివినదాన్నే, పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని తెలుగులో పాడతాను. అందుకే ఆంధ్రా నుంచి ఎవరైనా వచ్చి గడగడా తెలుగు చదివితే చాలు, మావాళ్ళకు ఆయన ప్రవక్తే! సిగ్గుచేటు, కానీ నిజం.

పోయిన ఏడాది అలాగే ఒక బోధకుడు వచ్చాడు. నిజమైన విశ్వాసి మాత్రలు మింగడన్నాడు. "రాసి ఉంది!" అన్నాడు. "ఆమెన్!" అని మందిరం దద్దరిల్లింది. ఇంటికి రాగానే మా అమ్మ తన షుగర్ మాత్రలన్నీ చెత్తలో పోసింది. వారం తిరక్కుండానే కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోయింది. మాత్రలు వేసుకోమని అరిచాను, ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను.

"వాక్యం కంటే నువ్వెక్కువేటే? నోర్ముయ్!" అంది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, కానీ బోధకుడి మాటను పుస్తకంలో వెతకడం పాపమనుకునేది. నాకా, వెతికే చదువే లేదు. ఒళ్ళు మండిపోయింది, భయమూ వేసింది.

మావయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయన అమ్మకు అన్న, రిటైరైన రైలు డ్రైవరు, ఎనభై దాటాయి, ఒక కన్ను పూర్తిగా పోయింది. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఎవులైనా సూసినారా?"

ఇంజనులో అదొక పద్ధతి. అసిస్టెంటు సిగ్నల్ చూసి దాని రంగు పైకి చెబుతాడు. డ్రైవరు తన కళ్ళతో చూశాకే తిరిగి పలకాలి. చూడకుండా పలికితే ప్రాణాల మీదికొస్తుంది.

ఆ ఆదివారం బోధకుడు మళ్ళీ "రాసి ఉంది!" అన్నాడు. ఆమెన్ కంటే ముందు మావయ్య లేచాడు.

"ఎక్కడుందో సెప్పండి బాబూ. సూసి పలుకుతాను."

బోధకుడు నవ్వుతూ అధ్యాయం చెప్పాడు. మావయ్య భూతద్దం తీసి, వేలు పెట్టి, అధ్యాయమంతా కూడబలుక్కుంటూ పైకి చదివాడు. ఎంతసేపు పట్టిందో! అమ్మో, ఆ ముసలి గొంతు! ఎన్ని ప్రసంగాలు విన్నానో, దేనికీ నా ఒళ్ళు అలా జలదరించలేదు. దేవుడి ముందు నిలబడినట్టే అనిపించింది.

"రోగి కోసం ప్రార్తన సెయ్యమనుంది. నూని రాయమనుంది. మాత్రలు పారెయ్యమని నేదు బాబూ." ఆ తర్వాత ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నాకైతే కనబళ్ళేదు సెల్లీ. నువ్వు సూసినావా?"

అమ్మ తల దించుకుంది. "సూడకుండానే పలికేసినానన్నయ్యా" అని అందరి ముందూ ఏడ్చేసింది.

మావయ్య దగ్గరే నేను నలభై ఏళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒక వాక్యం చదువుతాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుస మీద వేలు పెట్టి చూస్తుంది. చూశాకే ఆమెన్ అంటుంది. అన్నాక, మాత్ర కోసం చెయ్యి చాస్తుంది.