లోవరాజు గాడిపొయ్యి

అమలాపురం నల్లవంతెన దగ్గర లోవరాజు అని ఒకతనున్నాడు. నలభై దాటిన మనిషి. అతని నోట "లేదు" అన్న మాట విన్నవాళ్ళు మా కోనసీమలో ఎవరూ ఉండేవారు కాదు. ఏమడిగినా "ఆయ్" అంటాడు. అందులో వింతేమీ లేదు, మా వైపు అందరం అలాగే అంటాం. అనేసి, పని దగ్గరికొచ్చేసరికి ఏదో సాకు చెప్పి జారుకుంటాం. లోవరాజుకి ఆ జారుకోవడం చేతకాదు. అన్న ప్రతి ఆయ్‌కీ కట్టుబడి ఉంటాడు. అతనితో వచ్చిన చిక్కల్లా అదే.

నా పేరు ఫిలిప్. ముమ్మిడివరంలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు తీస్తాను. పూర్వం ఒక పెళ్ళి రెండు క్యాసెట్లలో పట్టేది. ఇప్పుడు నాలుగు కెమెరాలు, పైన ఒక డ్రోను. పెళ్ళికూతురు చెప్పులు తొడుక్కుంటుంటే కూడా రెండు వైపులనుంచి తీయాలి, లేకపోతే డబ్బులివ్వరు. ఆ బరువు స్టూడియోలో ఉన్న కంప్యూటరు మోయలేదు. అందుకని నేనూ, రాజోలు, కొత్తపేట వైపు స్టూడియోల వాళ్ళు మరికొందరూ లోవరాజు దగ్గర నెలకింతని చోటు అద్దెకు తీసుకున్నాం. తీసినదంతా ఫైబరు లైను మీద అతనికి పంపేస్తాం. చేరిందని తెర మీద కనబడగానే కార్డు చెరిపేసుకుని, అదే కార్డుతో సాయంత్రం ఇంకో పెళ్ళికి పరిగెడతాం.

అతని తండ్రి వీర్రాజుగారు పెళ్ళివంటల మేస్త్రి. ఆయన పనసపొట్టు కూర కోసం ముహూర్తం మార్చుకున్నవాళ్ళు ఉన్నారని చెబుతారు. నేను నమ్మను గాని, ఆ కూర తిన్నవాణ్ణి కనుక కొట్టిపారెయ్యలేను. ఆయనకి ఒక లెక్క ఉండేది. వెయ్యి శుభలేఖలు పంచితే ఆరువందల మందికే ఎసరు పెట్టేవారు. పెళ్ళివారు కంగారు పడితే, అందరూ ఒక్క బంతికి రారండీ అని నచ్చజెప్పేవారు. నిజంగానే రారు. ఒకవేళ జనం పెరుగుతున్నట్టు కనబడితే గాడిపొయ్యి మీద ఇంకో గుండిగ ఎక్కించేవారు. నేలలో పొడుగ్గా గాడి తవ్వి, కింద ఒకటే మంట పెట్టి, పైన వరసగా గుండిగలు దించుకునే పొయ్యి అది. ఎప్పుడైనా లెక్క తప్పి అన్నం చాలకపోతే ఆయనా ఆయన మనుషులూ ఆ పూట పస్తుండేవారు. లెక్క తప్పినవాడి విస్తరే ముందు ఎత్తెయ్యాలి అనేవారుట.

లోవరాజు గరిటె పట్టలేదు. పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఊరందరి డిస్కులూ కాపలా కాసే కంపెనీ ఒకదానిలో చాలా ఏళ్ళు చేశాడు. అక్కడా అంతేనట. రాత్రి డ్యూటీ ఎవరు చేస్తారంటే ఇతను ఆయ్ అనేవాడు. కరోనా రోజుల్లో ఇంటినుంచి పని అంటే వచ్చి, ఆ ఉద్యోగం పోయాక ఇక్కడే ఉండిపోయాడు. ఇంటి ముందుగదిలో పాతవీ కొత్తవీ డిస్కులు పోగేసి మాకు చోటు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు.

ఆ గదిలో యంత్రానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. lvs అని కొడితే ఎవరికెంత చోటు ఇచ్చాడో, అందులో ఎంత నిండిందో వరసగా పడుతుంది. చిన్న డిస్కులు, పెద్ద డిస్కులు అన్నీ కలిపి ఒకే రాశిగా పోసి, అందులోంచి మాకు తలా ఒక వాటా కోసి ఇస్తాడు. నేను తీసిన పెళ్ళి ఏ డిస్కు మీద ఉందో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. వాటా పెంచాలంటే ఒక్క వరుస కొడితే సరి, దేన్నీ విప్పక్కర్లేదు. ఆ రాశికి ఏదో ఒక పేరు పెట్టాలిట. డేటా అనో స్టోరేజీ అనో పెడతారు అందరూ. ఇతను గాడిపొయ్యి అని పెట్టాడు.

పేరుతో పాటు తండ్రి లెక్క కూడా దిగింది. మా అందరికీ రాసిచ్చిన వాటాలు కూడితే, ఉన్న డిస్కుల కంటే రెండింతలు. ఇది మోసం కాదు, ఆ పనిముట్లలోనే ఉన్న వెసులుబాటు. వాటా కాగితం మీద పెద్దదిగా ఉంటుంది. నిజంగా సరుకు వచ్చినప్పుడే వెనకనుంచి చోటు కదిలి వస్తుంది. ఎవరూ తమ వాటా పూర్తిగా నింపరు, అందరూ ఒక్కసారి రారు. ఆ సంగతి నాకు మొదట్లోనే చెప్పాడు. నేను రేటు ఎంతని అడిగి ఊరుకున్నాను.

పైగా మా కోనసీమలో ఆ లెక్క తప్పడానికి వీల్లేదని అతని నమ్మకం. హిందువుల పెళ్ళిళ్ళకి ముహూర్తాలుండాలి. మూఢం వస్తే నెలల తరబడి పందిళ్ళు లేవవు. మా క్రైస్తవులం ఆ మూఢంలో హాయిగా పెళ్ళిళ్ళు చేసుకుంటాం. మాకు ఈస్టరు ముందు శ్రమదినాలు అడ్డు, ఆ నలభై రోజులూ చర్చిలో పెళ్ళి జరగదు. అప్పుడు వాళ్ళకి మంచి ముహూర్తాలుంటాయి. ఒక బంతి లేచాక ఇంకో బంతి కూర్చున్నట్టు కొన్నేళ్ళు చక్కగా నడిచింది.

ఒక ఏడాది మాత్రం మూఢమూ, శ్రమదినాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈస్టరు అయిన వారంలోనే మూఢం కూడా విడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట తలుపులన్నీ ఒక్కసారి ఎత్తినట్టు, అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి విరుచుకుపడ్డారు. ఆ బుధవారం కల్యాణమండపం దొరక్క స్కూలు ఆవరణల్లో పందిళ్ళు వేశారు. నేనే ఒక్క రోజులో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున్న నాలాగే అందరూ కూర్చుని, కార్డులన్నీ లోవరాజు మీదకి వదిలారు. తర్వాత జరిగింది కొంత అతను చెప్పింది, కొంత అతని భార్య సత్యదుర్గ చెప్పింది.

అతను తెర మీద చూసుకునేసరికి గాడిపొయ్యి నూటికి తొంభై పాళ్ళు దాటిపోయింది. నూరు నిండితే యంత్రం వచ్చినదాన్ని కాసేపు గుమ్మంలో నిలబెట్టి, ఆ తర్వాత తోసేస్తుంది. పంపినవాడి తెర మీద మాత్రం అంతా చేరినట్టే కనబడవచ్చు. అది నమ్మి మేం కార్డు చెరిపేస్తే ఆ పెళ్ళి ఇక ఎక్కడా ఉండదు. మళ్ళీ తాళి కట్టండి, తీస్తాం అని ఎవరినీ అడగలేం కదా.

గాడిపొయ్యి మీద ఇంకో గుండిగ ఎక్కించాలి. షాపులో అడిగితే అంత పెద్ద డిస్కు రాజమండ్రి నుంచి రావాలి, సాయంత్రం బస్సులో వేయిస్తామన్నారు. అప్పుడతనికి తన ఇంట్లో టీవీ వెనకున్న డిస్కు గుర్తుకొచ్చింది. గాడిపొయ్యికని కొన్నదే అది. ముందు ఒకసారి చూసుకుందామని తమ పెళ్ళి వీడియో దాంట్లో వేసి టీవీకి తగిలిస్తే, అక్కడే ఉండిపోయింది. అసలు క్యాసెట్టు ఆ తర్వాత బూజు పట్టి పోయింది. మా పెళ్ళిళ్ళన్నీ పదిలంగా దాచిన మనిషి తన పెళ్ళికి ఇంకో కాపీ పెట్టుకోలేదు. ఖాతాదారుల చోటు సొంతానికి వాడకూడదుట. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు ఉంటుంది అతని వ్యవహారం.

లోపలి గదిలో సత్యదుర్గ మిషను మీద పెళ్ళివాళ్ళ జాకెట్లు కుడుతోంది. అతను వచ్చి టీవీ వెనక వైరు పీకుతుంటే చూసి, మళ్ళీ పెట్టేస్తారా అని అడిగింది. "ఆయ్" అన్నాడు.

డిస్కు తగిలించి pvcreate అని కొట్టాడు. కొత్త డిస్కుని రాశిలో కలపడానికి సిద్ధం చేసే మాట అది. యంత్రం వెంటనే చెయ్యలేదు. ఇందులో పాత సరుకు గుర్తులున్నాయి, చెరిపెయ్యమంటారా అని అడిగింది. అవునంటే y కొట్టాలి, కాదంటే n.

పెళ్ళి వీడియో పక్కకి తీసి పెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ సంగతి అతనికి తెలుసు. పక్క తెర మీద గాడిపొయ్యి తొంభై ఎనిమిది చూపిస్తోంది, పది నిమిషాలు ఆగేలా లేదు. మాకు ఫోన్లు చేసి కాసేపు పంపడం ఆపండి అంటే ఆగేది. అలా అంటే ఎందుకని అడుగుతాం. చోటు లేదని చెప్పాలి. మీకిచ్చిన వాటా నా దగ్గర లేదని చెప్పాలి. పోనీ లైను పీకేద్దామంటే మేమే ఫోను చేస్తాం, అప్పుడైనా చెప్పాలి. ఆ మాట అతని నోట రాలేదు. y కొట్టాడు.

ఆ పైన రెండు వరసలు, vgextend, lvextend. డిస్కు గాడిపొయ్యిలో కలిసింది, రాశి పెరిగింది, తొంభై ఎనిమిది కాస్తా డెబ్భైకి దిగింది. మా పెళ్ళిళ్ళన్నీ సుఖంగా వచ్చి కూర్చున్నాయి. ఆ సమయంలో నేను ముమ్మిడివరంలో పెసరట్టు తింటున్నాను. ఫోను బల్ల మీదే ఉంది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు లోవరాజు మీద ఒళ్ళు మండుతుంది.

వారం తర్వాత అద్దె ఇవ్వడానికి వెళ్ళాను. అతను బయటికి వెళ్ళాడు. సత్యదుర్గ టీ ఇచ్చింది. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. చెడిపోయిందా అని అడిగాను. ఆవిడ ఏడవలేదు, గొంతు పెంచలేదు. జరిగినదంతా వరసగా చెప్పుకొచ్చింది.

వాళ్ళ పెళ్ళికి కూడా వంట వీర్రాజుగారిదే. కొడుకు పెళ్ళినాడు కూడా గరిటె వదలవా అని పెద్దలు తిట్టినా వినలేదుట. పెళ్ళికూతురు పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఎవరో చెబితే, మొదటి బంతి లేవకుండానే ఆకులో వేడి బూరె పెట్టుకుని పెళ్ళిపీటల దగ్గరికి వచ్చేశారుట. బంతులన్నీ లేచేదాకా తన వంట ఇంటివాళ్ళని ముట్టనిచ్చే మనిషి కాదు. ఆ రోజు కోడలి కోసం నియమం తప్పారు. కెమెరా ఆయన మీదకి తిరిగింది.

"ఆకలేస్తోందా అమ్మా, అని అడిగేరండి అందులో. మా పెళ్ళయిన మూడో ఏట పోయేరు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు అన్నయ్యగారూ" అంది.

చెరిపినది వెనక్కి తెప్పించే మనుషులుంటారమ్మా అన్నాను. ఆవిడ అదీ అడిగిందిట. ఆ చోటులో ఇప్పుడు ముమ్మిడివరం ఫిలిప్ గారు తీసిన పెళ్ళి ఉందని లోవరాజు చెప్పాడుట. మీ పెళ్ళి బాగా వచ్చిందా అని నన్ను అడిగింది. వచ్చిందన్నాను. నిజానికి ఆ పెళ్ళివారు ఇంతవరకూ వీడియో పట్టుకెళ్ళడానికి రాలేదు.

అప్పుడే లోవరాజు వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు. నేను తిట్టేవాణ్ణే. సత్యదుర్గ అడ్డం వచ్చింది.

"పెళ్ళి వీడియో పోయినందుకు కాదండీ నా బాధ. మళ్ళీ పెడతారా అంటే ఆయ్ అన్నారు. నాతో అన్నది ఎలా తప్పేరు?" అని అతన్నే అడిగింది.

లోవరాజు తల వంచుకుని చెప్పులు విప్పాడు. "నాన్న అయితే విస్తరి ఎత్తేసేవారు కదా అనుకున్నానండి" అన్నాడు.

"మావయ్యగారు తన విస్తరి ఎత్తేవారు. నాది ఎత్తలేదు" అంది సత్యదుర్గ.

నేను అద్దె డబ్బులు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అంతకంటే అక్కడ నేను చెయ్యగలిగింది లేదు.

శ్రావణమాసంలో మళ్ళీ ముహూర్తాలు మొదలయ్యాయి. మొదటి పెళ్ళి అయిన మర్నాడు పొద్దున్నే లోవరాజు ఫోను చేశాడు. అతను తనంతట తాను ఫోను చెయ్యడం అదే మొదలు. ముందు మా ఇంట్లో అందరి క్షేమమూ అడిగాడు. వానల గురించి చెప్పాడు. మా చర్చిలో కొత్త పాస్టరుగారు ఎలా ఉన్నారని అడిగాడు. ఆ తర్వాత మళ్ళీ వానల దగ్గరికే వచ్చాడు. ఫోను ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు.

"ఫిలిప్ గారండీ" అన్నాడు. "మీ కార్డు ఇవాళ పంపకండి. రేపటిదాకా చోటు లేదండి."

అలాగేనయ్యా, రేపే పంపుతాను అన్నాను. నాకేం నష్టం, ఇంకో కార్డు కొనుక్కున్నాను. అతను ఫోను పెట్టెయ్యడం మరిచిపోయాడు. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగడం, సత్యదుర్గ గొంతు వినిపించాయి.

"చెప్పేరా?"

"ఆయ్. చెప్పేను."