ఏ లైనమ్మా?

కోలారు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దామె పేరు నేను అడగలేదు. అడగడమంతా ఆవిడదే. నా చేతిలో నవల చూసి, "ఏం కతమ్మా అది?" అంది.

చెప్పాను. ఒక నగరం, మధ్యలో గోడ. అవతల పుట్టినవాళ్లకు మణికట్టు మీద పచ్చబొట్టు వేస్తారు. అది కనబడితే ఇవతల ఎవరూ గుక్కెడు నీళ్లివ్వరు. ఒక పిల్ల ఆ గోడ దాటాలనుకుంటుంది.

"దాహమంటే నీళ్లు గూడా ఇయ్యరా? వాళ్లేం మనుషులమ్మా!" ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది.

చెప్పి చెప్పి నాకు దగ్గు వచ్చింది. ఆవిడ గబగబా తన నీళ్లసీసా మూత తీసి నా వైపు చాపింది.

"యాడమ్మా మీది?"

"కేజీఎఫ్."

"కేజీఎఫ్‌లో ఏ లైను?"

బంగారు గని కార్మికుల ఇళ్ల వరసలను మేం లైన్లంటాం. లైను పేరు వింటే చాలు, కులం పోల్చుకుంటారు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిజమే చెప్పాను.

చాపిన చెయ్యి ఆగింది. ఆవిడ సీసాకు మళ్లీ మూత బిగించింది. నేను దగ్గును గొంతులోనే అణచుకున్నాను.

సీసాను సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంగ ఆ పిల్ల గోడ దాటిందా?"

"లేదమ్మా. గోడ పక్కనే కూసోనుండాది."