గిల్లేసిన నాలుగో ఆకు

డిసెంబర్ చివర్లో, దేశం కాని దేశంలో మేముండే ఎర్లాంగెన్ ఊరి సూపర్‌మార్కెట్‌లో క్యూ కట్టినప్పుడల్లా నా వేళ్ళు ఊరుకోవు. కౌంటర్ పక్కనే నాలుగాకుల మొక్కల కుండీలు పెడతారు. కొత్త సంవత్సరానికి అదృష్టమట.

నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంట్లోనూ అలాంటి కుండీ ఒకటుండేది. పైఅంతస్తు నోరా ఆంటీది ఐర్లాండ్. ఆవిడ దాన్ని చూసి, "మా షామ్‌రాక్‌కి మూడే ఆకులు. ముగ్గురుగా ఉన్నా దేవుడు ఒక్కడేనని పాట్రిక్ అనే సాధువు ఆ ఆకు చూపించి చెప్పాడంటారు. మార్చిలో ఆయన పండగకి కోటుకి పెట్టుకుంటాం, ఇక్కడ దొరకదు" అంది.

నాకు అమ్మ శివుడికి పెట్టే మారేడు దళం గుర్తొచ్చింది. దానికీ మూడే. ఇక కాలు నిలవలేదు. ఆంటీ చెప్పిన పండగ రోజు పొద్దున్నే ప్రతి కాడకీ నాలుగో ఆకు గిల్లేసి, కుండీతో పైకి పరుగెత్తాను.

అమ్మ వెనకే వచ్చి తల పట్టుకుంది. "చిరిగిన దళం దేవునికి పనికొస్తదా బిడ్డా?"

నోరా ఆంటీ మాత్రం ఒక కాడ తుంచి, కోటుకి పిన్ను పెట్టుకుని ఆఫీసుకెళ్ళింది.

అది అసలు షామ్‌రాక్ మొక్కే కాదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఆవిడకు చూడగానే తెలిసి ఉంటుంది. అయినా సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు, వాడిపోయిన ఆ ఆకు కోటు మీదే ఉంది.