మిల్లు గేటు లేదన్నాను

కార్తీక మాసం, రెండవ ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఉప్పల్ కూడలి మీద మబ్బు, సన్నని తుంపర. రాష్ట్రం ఏర్పడడానికి నాలుగేళ్ల ముందటి మాట. ఆ రోజు ఎత్తుకున్న బరువును మీ ముందు దించుతున్నాను. మీరు నన్ను ఎరుగరు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నాచారంలోని మా కాలనీవాళ్లం ఏటా కార్తీకంలో బస్సు మాట్లాడుకుని యాత్రకు వెళ్తాం. ఏర్పాట్లు నావి. ఆ ఏడు వరంగల్. వారం ముందే ఒంటరిగా వెళ్లి దారి, దూరం, ఆగవలసిన వేళలు సరిచూసుకుని వచ్చాను. నా అంకె తప్పదని కాలనీలో పేరు. నాకున్నది ఆ పేరొక్కటే.

కోటలో తోరణాల ఎత్తు, కట్టిన కాలం చెబుతున్నాను. వెనుక నవ్వులు. తిరిగి చూస్తే సగం మంది నర్సింహ చుట్టూ చేరారు. అతడు మా పక్కింటివాడు, మల్లాపూర్‌లో ఫిట్టరు. పుట్టింది వరంగల్ బట్టల మిల్లు క్వార్టర్లలో.

"మిల్లు సైరన్ కూస్తెనే మా తాన కోడి లేసేది. జీతం లేకున్నా డ్యూటీ తప్పలే" అంటున్నాడు.

నా భార్య కూడా అక్కడే నిలబడి నవ్వుతోంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాటకు ఆమె అలా నవ్విందా? గుర్తు లేదు.

తిరుగు ప్రయాణంలో, దారికి కాస్త పక్కగా ఉన్న మిల్లును చూద్దామని అందరూ అన్నారు. నర్సింహ తల్లి రాజవ్వ, ఆ మిల్లులో నూలు చుట్టి అతణ్ణి పెంచిన మనిషి, సీట్లు పట్టుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"సారూ, మిల్లు మూతవడ్డదని ఎర్కే. గేటన్న ఉన్నదా? జర ఆపితే ఒక్కసారి మొక్కి వస్త."

గేటు ఉంది. వారం క్రితమే చూశాను.

"లేదమ్మా. పడగొట్టేశారు."

"గట్లెట్ల సారూ? దసరకు మా బామ్మర్ది సూసిండు గద" అన్నాడు నర్సింహ.

రాజవ్వ కొడుకును వారించింది. "ఊకో రా. సారు లెక్క ఎన్నడన్న తప్పిందా?"

అలసటతో అలా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. అక్కడ దిగితే ఆ పూట నర్సింహది అవుతుందని, నా భార్య మళ్లీ నవ్వుతుందని, అంత చిన్న దానికి, నా జీవితమంతా కూడబెట్టిన నమ్మకాన్ని ఒక ముసలమ్మ మీద వాడాను.

మరుసటి వేసవిలో రాజవ్వ పోయింది. గేటు ఆ తరువాతా నిలిచే ఉంది. నర్సింహ చూసే ఉంటాడు. ఒక్కనాడూ అడగలేదు. ఇప్పటికీ సారూ అనే పిలుస్తాడు.

ఆ సాయంత్రం బస్సు అనుకున్న వేళకు ముందే ఉప్పల్ చేరింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మిగిలిన సమయం నలభై నిమిషాలు.