మహబూబీ నుదుట నేను పెట్టిన బొట్టు

నేను ఫొటోలను బొమ్మలుగా మారుస్తాను. ఆడవాళ్ల ఫొటో తీసుకుని కంప్యూటర్‌లో రంగులద్ది, కుంచెతో వేసినట్టు కనిపించేలా, దుర్గగానో లక్ష్మిగానో దిద్దుతాను. చాలామంది తమ అమ్మలవీ అక్కలవీ ఫొటోలు పంపి వేయించుకుంటారు. ఫిబ్రవరిలో వరంగల్ మిర్చి మార్కెట్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఎవరూ అడగకుండానే ఒక ఫొటో తీశాను. ఎర్రటి మిర్చి రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తున్న యాభై ఏళ్ల మనిషి. తల మీద కొంగు, సూటిగా గుచ్చే చూపు. హైదరాబాద్ తిరిగొచ్చి ఆమెకు నాలుగు చేతులు, కిరీటం, పక్కన సింహం పెట్టాను. నుదుట బొట్టు లేదు. ఎందుకు లేదని క్షణం కూడా ఆలోచించకుండా అదీ నేనే పెట్టేశాను.

ఆన్‌లైన్‌లో నా పేజీలో పెట్టిన వాటిలో ఆ బొమ్మే అన్నిటికంటే ఎక్కువ మందికి చేరింది. నెల తర్వాత షబానా అనే అమ్మాయి సందేశం పంపింది. "ఆ బొమ్మలో ఉన్నది మా అమ్మ మహబూబీ. మేము ముస్లింలం. వారం రోజులుగా అమ్మ పనికి పోవడం లేదు. ఒకసారి వచ్చి మాట్లాడండి." వెంటనే బొమ్మ తీసేశాను. కానీ అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిపోయింది. ఫోన్‌లో క్షమాపణ చెప్పి తప్పించుకోవాలనిపించిన మాట నిజం. కానీ ఆమె రమ్మంది.

ఆదివారం బయలుదేరాను. ఆ రోజు మార్కెట్‌కు సెలవు. సికింద్రాబాద్‌లో ఉదయం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాజీపేటకు రెండు గంటల పైచిలుకు. తొమ్మిదిన్నరకల్లా దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలో ముప్పై రూపాయలకు హన్మకొండ చౌరస్తా చేరి, అక్కడ హసన్‌పర్తికి మరో ఆటో మాట్లాడుకున్నాను. షబానా చెప్పిన గుర్తులు చెబితే డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు. "మిర్చి ఏరే మహబూబమ్మ ఇల్లేనా? ఆమె ఫొటో ఎవరో అమ్మవారి లెక్క జేసిన్రట మేడం. ఆమె మస్తు పరేషాన్ అయితాంది." ఆ చేసింది నేనేనని అతనికి చెప్పలేదు.

రేకుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. షబానా కుర్చీ వేసింది. మహబూబీ గడప దగ్గర కూర్చుని నన్ను చూసింది. అదే చూపు.

"నన్ను అడిగినవా బిడ్డా?" అంది.

"లేదమ్మా."

"పనికాడ నన్ను చూసి నవ్విన్రు. ఓర్చుకున్న. ఇద్దరు ముగ్గురు దండం బెట్టిన్రు. నాకు భయమైంది. మా అన్న ఫోన్ జేసి, గట్ల వేషం గట్టి ఎందుకు కూసున్నవ్ అన్నడు. నేను కూసోలేదన్నా అంటే నమ్మలే. అప్పట్నుంచి మాట్లాడతలేడు. గిందుల నేను జేసిన తప్పేంది?"

ఏ తప్పూ లేదన్నాను. తప్పంతా నాదేనన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు జెప్తే ఏమొస్తది? ఎవరెవరు చూసిన్రో వాళ్లందరికీ చెప్పు."

అక్కడే కూర్చుని ఫోన్‌లో రాయడం మొదలుపెట్టాను. మొదట రాసింది షబానా పైకి చదివింది. 'నా వల్ల ఒక పొరపాటు జరిగింది' అన్న చోట మహబూబీ చెయ్యెత్తి ఆపింది. "పొరపాటు అంటే చెయ్యి జారి గిలాస పడ్డట్టు. అడగలేదు అని రాయి." అలాగే రాశాను. ఈ తల్లిని నేను అడగలేదు, ఆమె వేషం కట్టలేదు, బొట్టు, కిరీటం నేను గీసినవే, దయచేసి ఆ బొమ్మను మీ ఫోన్లలోంచి తీసేయండి అని. ఆమె పేరు, ఊరు రాయలేదు. ఆమె సరేనన్నాక, నిజంగా తీసిన ఫొటో కూడా పక్కన చేర్చి నా పేజీలో పెట్టాను. షబానా అది మేనమామకు పంపింది.

మధ్యాహ్నమైంది. మహబూబీ నాకు బగారన్నం, వంకాయ కూర పెట్టింది. "కోపం కోపమే, అన్నం అన్నమే. తిను" అంది. సగం తిన్నానో లేదో ఆమె ఫోన్ మోగింది. లోపలికి తీసుకెళ్లి మాట్లాడింది. గోడ అవతల నుంచి "అరె, నేను జెప్పలేదా అన్నా!" అన్న గొంతు, తర్వాత ఏడుపు, ఆ వెంటే నవ్వు వినిపించాయి.

ఆమె బయటికొచ్చేసరికి పక్క సందులో ఉండే సుజాత వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే రాశి దగ్గర తొడిమలు తీస్తున్నారట. సంగతంతా విని సుజాత నా వైపు తిరిగింది. "ఆమెకు వద్దంటే నన్ను జెయ్యరాదు మేడం? నాకు అమ్మవారంటే మస్తు ఇష్టం. సింహం మాత్రం జర పెద్దగుండాలె."

మహబూబీకి నవ్వాగలేదు. తనే లేచి సుజాతను వెలుతురులో కూర్చోబెట్టింది, కొంగు సర్దింది. "పండ్లు బయటపెట్టకు. అమ్మవారు గట్ల ఇకిలిస్తదా?" అని గదమాయించింది. ఆ ఫొటో తీస్తున్నంతసేపూ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. రేపు ఇద్దరం కలిసే పనికి పోతామని చెప్పారు.

సాయంత్రం నాలుగున్నర రైలుకు కాజీపేటలో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇన్నాళ్లూ ఒక ఆడమనిషిని దేవతగా గీస్తే ఆమెకు గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాను. ఆమెకు ఒక అన్న ఉన్నాడని, ఒక నమ్మకం ఉందని, పనిలో ఒక చోటు ఉందని నాకు తోచనే లేదు. నేను చెరిపేయలేనిది ఇంకా కొన్ని ఫోన్లలో ఉండే ఉంటుంది. అయినా ఆమె నా ముఖం మీద తలుపు వేయలేదు. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

వరంగల్ మిర్చి మార్కెట్‌లో ఫొటోలు తీయాలనుకునేవాళ్లకు ఒక్క మాట. మధ్యాహ్నం అన్నాల వేళ వెళ్లండి. పక్కన కూర్చుని అడగండి, తీసింది చూపించండి. పనిలో ఉన్నప్పుడు వాళ్ల చేతుల నిండా కారం ఉంటుంది. ఫొటో ఇష్టం లేకపోయినా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోలేరు.