ఓటీపీ రాలేదని చెప్పాను

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఒక నెట్ సెంటర్ ఉంది. నా కూతురు మెడికల్ కాలేజీలకు ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున మేమిద్దరం అక్కడ కూర్చున్నాం. ఇంట్లో లాప్‌టాప్ లేక కాదు, పరాయి మనిషి ముందైతే నేను గొంతు తగ్గిస్తానని దాని ఆశ. ఇరవై ఏళ్లు నాతో ఉండి కూడా అలాంటి ఆశలు పెట్టుకుంటుంది.

దాని ర్యాంకుకు ఆదిలాబాద్‌లో సర్కారు సీటు వచ్చేలా ఉంది. నాకేమో వనస్థలిపురంలోని మా ఇంటి నుంచి రోజూ పోయి రాగలిగే కాలేజీలే పైన ఉండాలి. కారణం ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పలకం. హాస్టల్‌లో అది తింటుందా?

మూడేళ్ల కిందట ఇదే సందులో కోచింగ్‌కు వచ్చేది. రాత్రి అన్నం తింటే నిద్ర ముంచుకొస్తుంది, చదువు సాగదు అన్నది నేనే. అది రాత్రి అన్నం మానేసింది, తర్వాత పొద్దున టిఫిన్ కూడా. అడిగితే "తిన్న" అనేది. అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు "ఎంత సన్నబడిందో" అంటే నేను మురిసిపోయాను. జడ వేస్తుంటే వెంట్రుకలు గుప్పెడు ఊడి వచ్చిన రోజు గానీ నా మురిపెం దిగలేదు.

ఎల్‌బీ నగర్ డాక్టరమ్మ ఇది జబ్బే అని చెప్పింది. ఏడాది పాటు పుస్తకాలు పక్కన పెట్టించింది. "ప్లేటు వైపు చూడకండి, తినేటప్పుడు వేరే ఏదైనా మాట్లాడండి" అంది. నాకు వచ్చిన మాట్లాడటం కొట్లాటే కదా. మెట్రో ఎల్‌బీ నగర్‌తోనే ఎందుకు ఆగింది, పై ఫ్లాటువాళ్లు చెప్పులు మన గుమ్మంలో ఎందుకు విడుస్తారు అని వాదనకు దిగేదాన్ని. నాకు జవాబు చెప్పే కోపంలో అది ఒక ముద్ద, ఇంకో ముద్ద తినేది. మెల్లగా కోలుకుంది. మళ్లీ పరీక్ష రాసింది.

అది ఆదిలాబాద్‌ను మొదట పెట్టి బటన్ నొక్కింది. నెట్ సెంటర్ అతను, కోస్తా మనిషి, నా వైపు తిరిగాడు.

"ఓటీపీ మీ నంబరుకే వచ్చుంటదండీ. చూసి చెప్తారా?"

ఫోన్ మోగింది. చూశాను. ఆరు అంకెలు.

"రాలే" అన్నాను.

"మోగింది కదనే అమ్మా!"

"నాదర్‌గుల్ల ప్లాట్లు కొనుమంటున్నరు."

అతను మళ్లీ పంపించాడు. మళ్లీ మోగింది.

"మళ్లా ప్లాట్లేనా?" అంది నా కూతురు.

"ఐదింటికి సైట్ క్లోజండీ" అన్నాడతను, ఎవరి పక్షమూ తీసుకోకుండా.

అది అరిచి ఉంటే నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. అరవలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"నేను గూడ గిట్లనే చెప్పేదాన్ని. తిన్న, తిన్న అని."

"నేను నమ్మిన. నమ్మితే ఏమైంది? దవాఖాన పాలైనవ్."

"నాకు గూడ భయమైతుంది. ఆడ మళ్లా మొదలైతే ఎట్ల అని. మొదలైతే ముందు నీకే చెప్త, డాక్టరమ్మకు చెప్త. ఈసారి దాచ."

"ఇంట్ల ఉండి చదివితే ఏంది నీ నొప్పి? నేను ప్లేటు దిక్కన్న చూస్తున్ననా?"

"ప్లేటు దిక్కు చూడవ్. నేను లేచినంక కుక్కర్ మూత తీసి ఎంత మిగిలిందో చూస్తవ్. రోజూ చూస్తవ్."

దానికి తెలియదనుకున్నాను. ఏడాదిగా వంటింట్లోకి వెళ్లి, నీళ్లు వదిలి, చప్పుడు రాకుండా మూత తీసేదాన్ని. జీవితంలో ఎప్పుడూ జవాబు వెతుక్కోని దాన్ని, ఆ రోజు కళ్లద్దాలు వెతుక్కున్నాను.

"మళ్లీ పంపించు నాయనా" అన్నాను అతనితో.

ఈసారి ఆరు అంకెలూ చదివాను. అది నా చెయ్యి పట్టుకుంది. నాలుగో అంకె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి అన్నం తిన్నాం. అది లేచి చెయ్యి కడుక్కుంది. కుక్కర్‌ను మూత తీయకుండానే ఫ్రిజ్‌లో పెట్టాను. తలుపు వేసి మళ్లీ ఒకసారి తెరిచాను. మూత మాత్రం తీయలేదు.