నాయన దండం పెట్టిన ఇంజిన్

మా నాయన ఆఫీసరన్నవాడు ఎదురైతే చాలు, చెప్పులు విడిచి చేతులు జోడిస్తాడు. వేరుశనగ ఎండిపోయిందని చూడ్డానికి వచ్చినవాడికైనా అంతే, కరెంటు లైన్‌మన్‌కైనా అంతే. ఎండింది నిజమే కదా, మళ్లీ దండమెందుకని చిన్నప్పుడు అడిగితే, "నిజమైతే మాత్రం ఊరికే రాసుకుంటారా మ్మే?" అనేవాడు. ఆ అలవాటు వచ్చి నా ఇంజిన్ మీద పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నేను అనంతపురంలో ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాను. ఆడపిల్లకు ఈ గ్రీజు పనేమిటని నవ్వినవాళ్లే ఇప్పుడు ట్రాక్టర్లు నా దగ్గరికి తోలుకొస్తున్నారు. కుందుర్పి వైపు ఎండిపోయిన ఒక చెరువులో ఏటా కార్ల పందెం పెడతారు. నీళ్లు రాని చెరువు అలాగైనా పనికొస్తోంది. మూడు సిలిండర్ల పాత చిన్నకార్లకు అక్కడ ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. కొత్తకోడలికి కూడా అన్ని ఆంక్షలుండవు. పిస్టన్లు కంపెనీవే ఉండాలి, గీకి బరువు తగ్గించకూడదు. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డును ఫేసింగ్ కొట్టి పలుచన చేస్తే ఇంజిన్ బలం పెరుగుతుంది కాబట్టి, దాని మందానికీ ఒక హద్దు పెట్టారు. ఆ హద్దు దాటితే గెలిచిన కప్పు పోవడమే కాదు, మళ్లీ ఆ చెరువులో అడుగు పెట్టనివ్వరు.

ఆ హద్దుల మధ్య దారి వెతుక్కోవడమే నాకిష్టం. దుడ్లున్నవాడు ఖరీదైన సామాను బిగించుకుని గెలిస్తే అందులో గొప్పేముంది? తుక్కు అంగళ్లన్నీ తిరిగి, గుట్టల్లో వెతికి, ఒకే బరువున్న పిస్టన్లు మూడు ఏరుకున్నాను. తూచడానికి కంసాలిని బతిమాలి బంగారం త్రాసు తెచ్చుకున్నాను. మూడూ ఒకే తూకంలో ఉంటే ఇంజిన్ వణకదు, వణకని ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా తట్టుకుంటుంది. ఏరుకోకూడదని ఏ నియమంలోనూ లేదు. హెడ్డునేమో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కొలుస్తూ, హద్దుకు వెంట్రుకవాసి ఇవతల ఆపేశాను.

"ఇంగొక్క తూరి ఫేసింగ్ కొడితే దొరికిపోతాం!" అని షెడ్డులో అందరితో కలిసి నవ్వాను. మార్కెట్టు పని మీద వచ్చిన నాయన అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వలేదు. నేనది పట్టించుకోలేదు.

పందెం రోజు నాయన కూడా వచ్చాడు. మా షెడ్డు యజమాని కొడుకు కారు తోలాడు, మేమే గెలిచాం. దుమ్ము ఇంకా అణగకముందే, రెండో స్థానంలో వచ్చిన మడకశిర జట్టువాళ్లు అడ్డం తగిలారు. "ఏమప్పా, ఈ ఇంజిన్ యాడన్నా ఇంత పరిగెత్తుతాదా? ఇప్పి చూడండి" అన్నారు. ఆ హక్కు ఎవరికైనా ఉంది. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే వేసింది. విప్పండి, అందరి ముందూ కొలవండి, నా పనేమిటో జనం కూడా చూస్తారు అనుకున్నాను.

షామియానా కింద బల్ల వేసి హెడ్డు విప్పి, పిస్టన్లు బయటికి తీశాం. తనిఖీ చేసే పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని కొలిచే సాధనం చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు గుంపును తోసుకుంటూ నాయన ముందుకొచ్చాడు. చెప్పులు విడిచాడు.

"సామీ, ఆడబిడ్డ. తెల్సో తెలియకో చేసింటాది. ఈ ఒక్క తూరికి ఇడిసిపెట్టండి, మీ కాళ్లు పట్టుకుంటా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది. మడకశిర జట్టులో ఒకడు, "ఇంగ కొలిచేదేముండాది? వాళ్ల నాయనే ఒప్పుకుంటాండాడు" అన్నాడు.

"నాయనా, నేనేం తప్పు చేయలా. నువ్వు పక్కకు పో" అని అరిచాను.

"నువ్వుండు మ్మే, నేను మాట్లాడతాండా కదా" అన్నాడు, చేతులు దించకుండానే.

పెద్దాయన త్రాసు ముందుకు జరుపుకున్నాడు. పిస్టన్లు తూచాడు. హెడ్డును ఒక మూల కొలిచాడు, ఇంకో మూల కొలిచాడు, అనుమానంతో మళ్లీ మొదటి మూలకొచ్చాడు. చివరికి సాధనం బల్ల మీద పెట్టి, "అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి. గెలుపు వీళ్లదే" అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకునేలోపే నాయన ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "మీ మేలు మర్సిపోను సామీ. మీ పిల్లోళ్లు సల్లగుండాల."

పెద్దాయన నావైపు చూశాడు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మడకశిరవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. వాళ్లేమనుకున్నారో వేరే చెప్పాలా? అన్నాళ్ల పని, ఆ త్రాసు, ఆ తుక్కు గుట్టలు, అన్నీ ఒక్క దండంతో దయాధర్మమైపోయాయి. దొంగసొత్తు అందుకున్నట్టు తల వంచుకుని కప్పు అందుకున్నాను. నాయనను చూసి సిగ్గుపడ్డానా, ఆయన మీద అంతమందిలో అరిచినందుకు సిగ్గుపడ్డానా అంటే, రెండూనూ. నేను తప్పు చేశానని గట్టిగా నమ్మి కూడా ఆయన నా పక్కనే నిలబడ్డాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఆయన ముందు నాకు ముఖం చెల్లదు.

కారును టెంపోలో ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, ఊళ్లు వచ్చినప్పుడల్లా నాయన తన తువ్వాలు తీసి నా ఒళ్లో ఉన్న కప్పు మీద కప్పాడు. ఇక ఉండబట్టలేక ఆయనకు మొత్తం విప్పి చెప్పాను. హద్దు ఎంతో, నేను ఎక్కడ ఆగానో, పిస్టన్లు ఎందుకు తూచానో, పెద్దాయన మమ్మల్ని వదిలేయలేదనీ, కొలిచి చూసి ఉన్నదే చెప్పాడనీ, దారి పొడుగునా చెప్పాను. ఆయన తల ఊపుతూ అంతా విన్నాడు. తర్వాత డ్రైవరు వింటున్నాడేమోనని అటు చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"బాగుండాది మ్మే. ఎవురడిగినా ఇట్లనే చెప్పు."